సెకనుకి అరవై బొమ్మలు

కొండ్రపాడు పశువైద్యశాలకి ట్యాబు వచ్చిన మొదటి రోజునే బాలశౌరి దాన్ని మూడుసార్లు పోగొట్టుకున్నాడు. ఒకసారి నట్టల మందు కరపత్రాల మధ్య దొరికింది. ఇంకోసారి హాజరు పట్టీ అట్టలో దొరికింది. మూడోసారి గదంతా గాలించి, బీరువా కింద చీపురు కూడా పెట్టి, చెమటలు కక్కుతూ కుర్చీలో కూలబడ్డాక తెలిసింది, పొద్దుటినుంచీ దాని మీదే కూర్చున్నాడని. అంత పలచన మరి!

దాన్ని పంచిపెట్టిన సభలో అందరూ డీడీ గారనే శాఖ ఉపసంచాలకులు త్రివిక్రమరావు గారు ట్యాబుని రెండు వేళ్ల సందున పట్టుకుని పైకెత్తి చూపించారు. "ఇది కేవలం ఒక పరికరం కాదు. ఇది మన శాఖ యొక్క దార్శనికత. మందం అనేది గతించిన కాలపు లక్షణం. పలచదనమే పారదర్శకత. ఐదు మిల్లీమీటర్ల ఈ ఫలకంలో శాఖ సమస్తమూ ఇమిడి ఉన్నది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బాలశౌరీ కొట్టాడు. పురికొస కట్టి పెట్టుకున్న తన లావుపాటి రిజిస్టర్లు ఇక అక్కర్లేదేమోనని ఆశపడ్డాడు పాపం. రెండూ రాయాలన్నారు.

బాలశౌరి ఆ ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంటు. ఊళ్లో అందరికీ కాంపౌండరు శౌరయ్య. ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఆస్తి ఏముందయ్యా అంటే, మచ్చలేని సర్వీసు రిజిస్టరు. అది డాక్టరమ్మ బీరువాలో ఉంటుంది. అందులో నల్ల సిరా తప్ప ఎర్ర సిరా చుక్క కూడా లేదు. ఎవరైనా కొత్త డాక్టరు వస్తే ముందుగా ఆ రిజిస్టరు తెరిచి చూపించి, తర్వాతే టీ తెప్పిస్తాడు.

ఆయనకి ఒక బాధ కూడా ఉంది. తొలకరి వానలతో పాటు బర్రెలకి గొంతువాపు వస్తుంది. పొద్దున మేసిన బర్రెకి సాయంత్రానికి గొంతు కింద వాపు వస్తుంది, తెల్లారేసరికి ప్రాణం ఉండదు. వానకి ముందే ఒక సూది వేస్తే ఏ బాధా లేదు. ఆ మందు మాత్రం తయారైన చోటునుంచి బర్రె మెడ దాకా చల్లగానే రావాలి. ఎండలో కాసేపు మరిచిపోతే అది మందు కాదు, ఉత్త నీళ్లే. అందుకే ఆసుపత్రి ఫ్రిజ్జుని బాలశౌరి కన్నబిడ్డలా కాపాడుకునేవాడు. తనిఖీకి వచ్చిన ఒక పెద్దాఫీసరు మజ్జిగ ప్యాకెట్టుని కూడా అందులోంచి తీసి బయట పెట్టిన మొండివాడు.

అయితే నాలుగూళ్లకి కలిపి పన్నెండు వందల డోసులు కావాలని రాస్తే, ఏ ఏడూ ఏడు వందలకి మించి రాలేదు. ఏ వీధితో ఆపాలన్నది ఏటేటా ఆయన నెత్తినే పడేది. పోయినేడు మందు గురవమ్మ ఇంటికి మూడిళ్ల ఇవతల అయిపోయింది. మొగుడు పోయిన గురవమ్మకి ఉన్నవి మూడు బర్రెలు. అందులో ఒకటి వారం తిరక్కుండా పోయింది. ఆవిడ బాలశౌరిని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆయన ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు. ఈసారి ఆవిడ వీధితోనే మొదలుపెడతానని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

ట్యాబులొచ్చిన నాలుగు నెలలకి శాఖకి తనిఖీ బృందం వచ్చింది. వెనకటి బృందాలు రిజిస్టర్లు చూసేవి. వీళ్లు ట్యాబు వచ్చిన అట్టపెట్టె చూశారు. దాని మీద 'అత్యుత్తమ గేమింగ్ సామర్థ్యం' అని రాసి ఉంది. శాఖ వారి కొనుగోలు నిబంధనల్లోనూ అదే మాట ఉంది. ఆ నిబంధనలు రాసినాయన కంపెనీ కరపత్రాన్ని కామాలతో సహా భక్తిగా దింపుకున్నాడు. తనిఖీ వారు ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయారు: 'సదరు గేమింగ్ సామర్థ్యము సేకరించబడినది గానీ వినియోగింపబడలేదు, కారణములు తెలుపవలెను.'

ఆఫీసులో తర్జనభర్జనలు మొదలయ్యాయి. ఈ సామర్థ్యం మాకు అక్కర్లేదు అని జవాబిస్తే, మరి నిబంధనల్లో ఎందుకు పెట్టారు, సంతకం ఎవరిది అని అడుగుతారు. సంతకం త్రివిక్రమరావు గారిది. కాబట్టి వాడేయడమే మంచిదని తేలింది. మూడో రోజున అన్ని ఆసుపత్రులకీ ఉత్తర్వు వచ్చింది.

'విషయము: ట్యాబుల గేమింగ్ సామర్థ్య సంపూర్ణ వినియోగము గురించి. పై విషయము దృష్ట్యా తెలియజేయునది ఏమనగా, క్షేత్రస్థాయి సిబ్బంది ప్రతి పనిదినమున ఉదయం పదకొండు గంటల నుండి నలభై ఐదు నిమిషముల పాటు ఎడతెగక నిర్దేశిత క్రీడను ఆడవలెను. తెరపై సెకనుకు అరవై బొమ్మలు తగ్గకుండా కదులుచున్నవని ధ్రువీకరించుచూ నిర్ణీత నమూనాలో నివేదిక పంపవలెను. బొమ్మలు తగ్గినచో సంబంధిత ఉద్యోగి అలసత్వముగా భావించబడును. మూడవ మెమో సర్వీసు రిజిస్టరునందు నమోదు చేయబడును.'

నిర్దేశిత క్రీడ ఏదో తేల్చడానికి ముగ్గురు అధికారుల కమిటీ మూడుసార్లు కూర్చుంది. కోడిపందేల ఆట చట్టవిరుద్ధమన్నారు. ఎద్దుల పరుగు ఆటలో చర్నాకోల ఉంది, జంతుహింస అన్నారు. చేపలు పట్టే ఆట అందరికీ నచ్చింది గానీ, అది మత్స్యశాఖ పరిధిలోకి వస్తుందని, వాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా ఒక్క చేపనైనా పట్టకూడదని ఒకాయన పట్టుబట్టాడు. చివరికి కార్ల పందెం ఖాయమైంది. అందులో ఏ పశువూ లేదు గనక పశువైద్యశాఖకి అదే నిరపాయం.

బాలశౌరి జన్మలో మోపెడ్ తప్ప ఏదీ నడపలేదు. మొదటి రోజు ఆయన కారు కొండ ఎక్కి సముద్రంలో దూకింది. ఫర్వాలేదట, గెలుపోటములు శాఖకి అనవసరమట, బొమ్మలు అరవై ఉంటే చాలట. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో ఆ అంకె తెర మూలన పడుతూ ఉంటుంది, అక్కడ ఆఫీసులోనూ కనబడుతుంది. ఎనిమిది నిమిషాలు అరవై ఉంది. తర్వాత యాభై రెండు, నలభై ఒకటి, ఇరవై మూడు. అప్పుడే ఈనిన బర్రె లేవబోయినట్టు కారు ముక్కుతూ మూలుగుతూ కదిలింది. ట్యాబు వెనక చెయ్యి పెట్టి చూస్తే చుర్రుమంది. సాయంత్రానికల్లా మెమో వచ్చేసింది.

ఆయనొక్కడికే కాదులెండి, జిల్లా అంతా అదే గోల. మే నెల, బయట నలభై నాలుగు డిగ్రీలు. కంపెనీ మనిషి వచ్చి నిజం చెప్పేశాడు. లోపల ఆట నడిచేకొద్దీ వేడి పుడుతుంది, వేడెక్కితే యంత్రం కాలిపోకుండా తనంతట తనే నెమ్మదిస్తుంది, చల్లార్చడానికి లోపల ఫ్యాను పెడదామంటే చోటు లేదు, అలా పెడితే అది పలచన ట్యాబే కాదు అన్నాడు.

"అయితే కొంచెం మందంగా ఉండేవి ఇస్తారా?" అని ఎవరో అడిగారు.

"మందం ప్రసక్తే లేదు" అన్నారు త్రివిక్రమరావు గారు. "పలచదనం విధాన నిర్ణయం. వేడి స్థానిక సమస్య. స్థానిక సమస్యలను స్థానికంగానే అధిగమించాలి."

రెండో మెమో కూడా చేతికొచ్చింది. మూడోది వస్తే ఎర్ర సిరాయే! ఆయన ట్యాబుని బల్ల మీద పడుకోబెట్టి, ఇరవై ఏడేళ్లుగా ఏ రోగికైనా చేసే పనే చేశాడు. ఒళ్లు వేడిగా ఉంది, కదలిక మందగించింది, మేత ముట్టడం లేదు. ఇంకేముంది, జ్వరం! తడిగుడ్డ వేశాడు. నీటి చెమ్మ తగిలి కారు వెనక్కి నడిచింది. తీసేశాడు. విసనకర్రతో విసిరాడు. నాలుగు బొమ్మలు పెరిగాయి. అప్పుడు ఆయన చూపు ఫ్రిజ్జు మీద పడింది. గొంతువాపు మందు ఇంకా రాలేదు, ఫ్రిజ్జు దాదాపు ఖాళీ. ఎంతోసేపు కాదు, పది నిమిషాలు, అనుకున్నాడు. మజ్జిగ ప్యాకెట్టు బయటపెట్టించిన మనిషి, అటూ ఇటూ చూసి, దొంగలా తలుపు తీసి, ట్యాబుని లోపల పెట్టాడు.

తీసి ఆడితే అరవై. ఇరవై నిమిషాల దాకా అరవై! మధ్యలో ఇంకోసారి లోపల పెట్టి, నలభై ఐదు నిమిషాలూ పూర్తి చేశాడు. ఆ రోజు జిల్లా మొత్తం మీద అరవై తగ్గని ట్యాబు కొండ్రపాడుదొక్కటే. అరగంటలో త్రివిక్రమరావు గారి ఫోను వచ్చింది.

"బాలశౌరి గారూ, ఏమిటీ అద్భుతం? ఏం చేశారు?"

ఇక్కడ ఒక్క అబద్ధమాడి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ మచ్చలేని మనిషికి అబద్ధం నోటికి రాదు. "ఫ్రిజ్జులో పెట్టానండీ" అన్నాడు.

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "కొండ్రపాడు నమూనా!" అన్నారు డీడీ గారు, ఏదో కళ్ల ముందు కనబడ్డట్టు.

వారం తిరిగేసరికి కొండ్రపాడు పశువైద్యశాల ప్రాంతీయ ట్యాబు శీతల కేంద్రమైంది. చుట్టుపక్కల పదకొండు మండలాల ఆసుపత్రుల్లో ఫ్రిజ్జులు సరిగా పనిచేయవు గనక, వాళ్ల నలభై మూడు ట్యాబులూ ఇక్కడే ఉండాలి, సిబ్బంది రోజూ ఇక్కడికే వచ్చి ఆడిపోవాలి. ఉత్తర్వులో ఫ్రిజ్జు గురించి ఐదు నిబంధనలున్నాయి. ట్యాబుకీ ట్యాబుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండవలెను. పశువుల మందులు అందు ఉంచరాదు. ఉదయం సాయంత్రం ప్రతి ట్యాబు ఉష్ణోగ్రత నమోదు చేయవలెను. అలా నమోదు చేయడానికి కొత్త కాగితాలు అచ్చవలేదు, జబ్బు పశువుల కాగితాలే వాడమన్నారు. కాబట్టి బాలశౌరి 'మేత' అన్న గడిలో ఛార్జింగు ఎంతుందో రాశాడు. 'పేడ' అన్న గడి ఖాళీగా వదిలితే కాగితం వెనక్కి వచ్చింది. అప్పటినుంచి నలభై మూడింటికీ 'సాధారణం' అని రాస్తున్నాడు.

ఆసుపత్రి డాక్టరమ్మ హిమజ ఉద్యోగంలో చేరి రెండేళ్లే. చదువుకునే రోజుల్లో ఇలాంటి వ్యాధి గురించి చెప్పలేదని ఆవిడ బాధ. "శౌరయ్య గారూ, నేను పశువుల డాక్టర్నా, వీటి డాక్టర్నా?" అని అడిగింది ఒకరోజు, ముప్ఫై తొమ్మిదో ట్యాబు కాగితం మీద సంతకం పెడుతూ.

"అంతా నా నోటి దూల అమ్మా" అన్నాడు ఆయన.

జూన్ మొదట్లో గురవమ్మ ఆసుపత్రికి వచ్చింది. వసారా నిండా మనుషులు. అందరూ తలలు వంచుకుని, బొటనవేళ్లు ఆడిస్తూ, ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా కూర్చున్నారు.

"ఏంది శౌరయ్యా, ఇంతమంది కాంపౌండర్లు ఒక్కసారే దిగారు? ఏ ఊళ్లో తెగులు పడ్డది?"

"తెగులు కాదక్కా. ఆట."

"ఆటా! పట్టపగలు, ఆసుపత్రిలోనా? మా ఆయన పండక్కి నాలుగు చేతులు పేకాడితే ఊరంతా దుమ్మెత్తి పోసిందే!"

"ఆయన ఊరికే ఆడాడక్కా. వీళ్లు ఉత్తర్వు మీద ఆడుతున్నారు."

గురవమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత అసలు మాట అడిగింది. "నా పెద్ద బర్రె చూలుతో ఉంది. మబ్బు పడతాంది. సూది ఎప్పుడేస్తావు?"

బాలశౌరి ఫ్రిజ్జు వైపు చూశాడు. "వస్తది అక్కా, మందు వస్తది. ఈసారి మీ వీధిలోనే మొదలుపెడతా" అన్నాడు. ఆవిడ తల ఊపి వెళ్లింది. నమ్మిందో లేదో తెలియదు.

మందు మర్నాడు మధ్యాహ్నమే వచ్చింది. ఏడు వందల డోసులు, పద్నాలుగు సీసాలు, ఐసు పెట్టెలో. వాటితో పాటే ఒక కాగితమూ వచ్చింది. రాజధాని నుంచి ఉన్నత స్థాయి బృందం కొండ్రపాడు నమూనాను చూడ్డానికి పై వారం వస్తోంది, అంతవరకు శీతల యంత్రంలో ట్యాబులు తప్ప మరేదీ ఉండరాదు, మందుకి చోటు లేకపోతే తిప్పి పంపేయండి అని. డాక్టర్ హిమజ డీడీ గారికి ఫోను చేసింది.

"సార్, ఇవాళో రేపో వానలు. మందు వెనక్కి పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. బర్రెలు చచ్చిపోతాయి సార్."

"డాక్టర్ గారూ, మీ ఆవేదన ప్రశంసనీయం" అన్నారు త్రివిక్రమరావు గారు చల్లగా. "కానీ ప్రాధాన్యతలు గుర్తెరగాలి. బర్రెలు ప్రతి ఏడూ ఉంటాయి. ఉన్నత స్థాయి బృందం ప్రతి ఏడూ రాదు."

ఫోను పెట్టేసి ఆవిడ కళ్లు తుడుచుకుంది. పెట్టెలో ఐసు కరుగుతోంది. ఇంకో రెండు గంటలు ఆగుతుంది, అంతే. ఈ కొంప ముంచింది నేనే గదా, ఫ్రిజ్జు తలుపు తీసిన చెయ్యి నాదే గదా అని బాలశౌరి తల పట్టుకున్నాడు. కోపమొచ్చింది, డీడీ గారి మీద కాదు, తన మీద. ఆ కోపంలోనే శీతల కేంద్రం ఉత్తర్వు తీసి ఇంకోసారి చదివాడు. ఐదో నిబంధన దగ్గర ఆగాడు. 'ట్యాబుల చల్లదనమునకు దోహదపడు సామగ్రిని ఉంచుటకు కేంద్ర బాధ్యులకు అధికారము కలదు.' కేంద్ర బాధ్యుడు బాలశౌరే.

"అమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఈ సీసాలు చల్లగా ఉన్నాయి గదా?"

"ఉన్నాయి. అయితే?"

"చల్లటి సీసా పక్కన పెడితే ట్యాబు కూడా చల్లగా ఉంటుంది గదా? మరి ఇవి పశువుల మందెట్లా అవుతాయి?"

హిమజ ఆయన మొహంలోకి చూసింది. ఆవిడ కూడా చిన్న పిల్లేం కాదు, రెండేళ్లుగా ప్రభుత్వ ఉద్యోగం చేస్తోంది. కలం తీసి స్టాకు రిజిస్టర్లో తనే రాసింది: 'శీతలీకరణ సహాయక ద్రవము, సీసాలు పద్నాలుగు.' ఐదు నిమిషాల్లో సీసాలన్నీ ట్యాబుల మధ్య నాలుగు వేళ్ల సందుల్లో సర్దుకుని నిలబడ్డాయి. ఆ సందులు వాటి కోసమే కొలిచి వదిలినట్టున్నాయి.

చోటు దొరికింది సరే, బయటికి తీసుకెళ్లడమెలా? ట్యాబులకి బహిరంగ ప్రదేశంలో కూడా సామర్థ్యం ఉన్నదో లేదో పరీక్షిస్తే బాగుంటుందని బాలశౌరి డీడీ గారికి ఒక ముక్క రాశాడు. ఆయన పొంగిపోయారు. 'క్షేత్రస్థాయి గేమింగ్ పరీక్ష' అని పేరు కూడా ఆయనే పెట్టి, అనుమతి ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే బాలశౌరి, హిమజ ఐసు పెట్టెలో ఒక ట్యాబు, చుట్టూ సహాయక ద్రవం పెట్టుకుని గురవమ్మ వాకిట్లో దిగారు. వచ్చిన చిక్కల్లా ఒకటే. బాలశౌరి సూదులు వేయాలి, హిమజ వరసగా పశువుల్ని చూసి రాసుకోవాలి, మరి ఆట ఎవరాడతారు? బొమ్మలు ఆగితే అక్కడ ఆఫీసులో తెలిసిపోతుంది.

"ఇటియ్యి, నే పట్టుకుంటా" అంది గురవమ్మ.

ఆవిడ గడప మీద కూర్చుని, పెట్టెలో చేతులు పెట్టి, చల్లదనానికి "అబ్బ, ఎంత హాయి!" అనుకుంటూ మొదలుపెట్టింది. పదిమంది మధ్యలోంచి బర్రెల్ని తోలుకుపోయే అలవాటున్న మనిషి. కారుని కూడా అట్లాగే తోలింది. "హోయ్! అటు కాదే, నీ పాసుగాల! ఇటు తిరుగు, ఇటు!" మలుపు వస్తే చంకలో కర్ర ఉన్నట్టే భుజం వంచేది. ఒక్కసారి కొండ ఎక్కలేదు, ఒక్కసారి సముద్రంలో దూకలేదు. తొమ్మిది కార్లని వెనక్కి నెట్టింది. బొమ్మలు అరవై కదల్లేదు. ఆవిడ పందెం గెలిచేలోపు ఆవిడ బర్రెలకి సూదులు పడ్డాయి. చూలు బర్రె మెడ నిమిరి, బాలశౌరి ఒక్క క్షణం అట్లాగే నిలబడ్డాడు.

ఐదు రోజుల్లో ఏడు వందల డోసులూ అయిపోయాయి. ఇంకా రెండూళ్లు మిగిలాయి. ఏ ఏడైనా ఇక్కడే చేతులెత్తేసేవాడు. ఈసారి హిమజ అర్జీ రాసింది, సహాయక ద్రవం అయిపోయింది, ట్యాబులు వేడెక్కే ప్రమాదం ఉంది, మొన్న పంపిన సీసాలే ఇంకో పది కావాలి అని. పొద్దున రాస్తే మధ్యాహ్నానికి వచ్చేసింది. అదీ డీడీ గారి సొంత జీపులో, సైరను ఒక్కటే తక్కువ. ఇరవై ఏడేళ్లు బర్రెల కోసం మొత్తుకుంటే రాని మందు, పలక కోసం అడిగితే పరుగెత్తుకుంటూ వచ్చిందని బాలశౌరి నోరెళ్లబెట్టాడు.

ఉన్నత స్థాయి బృందం వచ్చేసరికి చివరి ఊళ్లో చివరి వీధి నడుస్తోంది. బృందం నాయకుడు కళ్లజోడు సర్దుకుని, త్రివిక్రమరావు గారు వెంట రాగా, వీధిలోకి నడిచొచ్చాడు. అరుగు మీద గురవమ్మ ఉంది. ఈపాటికి ఆవిడ లేనిదే పరీక్ష జరగడం లేదు, నాలుగూళ్లూ వెంట తిరుగుతోంది. పదేళ్లుగా ఆడుతున్నట్టు ఆడుతోంది. నాయకుడు తెర మూలన అంకె చూసి తల పంకించాడు. "స్థానిక మహిళల భాగస్వామ్యం! భేష్" అన్నాడు. తర్వాత ఆయన చూపు పక్కకి పోయింది. "అక్కడ ఆ మనిషి బర్రెకి ఏం గుచ్చుతున్నాడు?"

త్రివిక్రమరావు గారి మొహం పాలిపోయింది. బాలశౌరి సిరంజితో సహా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. అబద్ధం నోటికి రాని మనిషి ఆ వీధిలో, నిండు పగలు, మొదటిసారి అబద్ధానికి నోరు విప్పాడు.

"ట్యాబుల్ని చల్లబరిచి అయిపోయిన ద్రవం సార్. ఎక్కడబడితే అక్కడ పారబోస్తే నేల పాడవుతుంది. అందుకని బర్రెల్లో భద్రపరుస్తున్నాం."

"బర్రెలకి హాని లేదా?"

"లేదు సార్. కొంత మేలే చేస్తదని వినికిడి."

నాయకుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "వ్యర్థ ద్రవ సురక్షిత నిర్వహణ. పర్యావరణహితం. త్రివిక్రమరావు గారూ, ఇది మీ ఆలోచనేనా?"

"నా మార్గదర్శకత్వంలోనే సార్" అన్నారు డీడీ గారు, ఊపిరి పీల్చుకుంటూ.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. నాలుగు రోజులు దంచి కొట్టింది. బాలశౌరి రోజూ గొడుగేసుకుని నాలుగూళ్లూ తిరిగాడు. ఎవరి కొట్టంలోనూ గొంతు వాచిన బర్రె కనబడలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

నెలాఖరుకి ఆసుపత్రికి ఒకే కవరులో మూడు కాగితాలు వచ్చాయి. మొదటిది ప్రశంసాపత్రం. జిల్లాలో ఉత్తమ గేమింగ్ క్రీడాకారుడిగా శ్రీ బాలశౌరి ఎంపికయ్యారని. రెండోది మెమో. 'జూన్ మాసమునందు గొంతువాపు టీకాల ప్రగతి సున్నా. సదరు ఉద్యోగి ఒక్క పశువుకైనను టీకా వేసిన దాఖలా లేదు. మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను. లేనిచో సర్వీసు రిజిస్టరునందు మందలింపు నమోదు చేయబడును.'

హిమజకి ఒళ్లు మండిపోయింది. "నిజం రాద్దాం. పన్నెండు వందల సూదులు ఎవరికి వేశామో నా దగ్గర పేర్లతో సహా ఉన్నాయి. నేను సంతకం పెడతాను. ఏమవుతుందో చూద్దాం!"

బాలశౌరి మూడో కాగితం చదువుతున్నాడు. రెండోసారి చదివి, ఆవిడ ముందు పెట్టాడు. వచ్చే ఏటి నుంచి జిల్లాలోని ప్రతి పశువైద్యశాలకు శీతలీకరణ సహాయక ద్రవమును అడిగినంత, ఏప్రిల్ మాసాంతములోగా, తప్పక సరఫరా చేయవలెనని, ఫ్రిజ్జులన్నిటికీ వెంటనే మరమ్మతు చేయించవలెనని ఉంది అందులో. పని అయ్యాక ద్రవమును కొండ్రపాడు పద్ధతిన బర్రెలలో భద్రపరచవలెనని కూడా ఉంది.

"నిజం రాస్తే ఇది మందని తెలుస్తుందమ్మా" అన్నాడు. "మందని తెలిస్తే మళ్లీ ఏడు వందలే ఇస్తారు."

ఆయన తెల్ల కాగితం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో ఒక్క వాక్యం రాశాడు. 'నా అలసత్వము వలన టీకాలు వేయలేకపోతిని, మన్నించగలరు.' రాసి, చదివి, సంతకం పెట్టాడు. నొప్పి లేదని అనలేం.

పది రోజులకి మందలింపు ఉత్తర్వు వచ్చింది. బీరువాలోంచి సర్వీసు రిజిస్టరు తీసి, ఎర్ర సిరాతో రాయాల్సింది హిమజే. ఆవిడ కలం మూత తీసి ఆగింది. "కానివ్వండమ్మా, అక్షరాలు చక్కగా పడాలి, ఇరవై ఏడేళ్ల పుస్తకం" అన్నాడు బాలశౌరి. ఆవిడ రాసింది. సిరా ఆరేదాకా ఇద్దరూ ఆ పేజీ వంకే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడే గురవమ్మ గిన్నె మీద గిన్నె బోర్లించి తెచ్చింది. చూలు బర్రె ఈనింది, పెయ్యదూడ, జున్ను వండుకొచ్చింది. బల్ల మీద పెడుతూ, తెరిచి ఉన్న పుస్తకంలో ఎర్ర గీతలు చూసింది. చదువు రాదు ఆవిడకి. కానీ కాంపౌండరు ఆ పుస్తకం చూపించి ఎంత మురిసిపోతాడో ఊరందరికీ తెలుసు.

"అదేంది శౌరయ్యా, ఎర్రగా?"

బాలశౌరి ఆ పేజీ మీద వేలితో ఒకసారి తడిమాడు.

"సూది మచ్చక్కా" అన్నాడు. "నాలుగు రోజులు సలుపుద్ది. ఏడాదంతా కాపాడుద్ది."

గురవమ్మ జున్ను ముక్క కోసి ఆయన చేతిలో పెట్టింది. పదకొండు గంటలైంది, ఆట వేళ. హిమజ ట్యాబు తీసి గురవమ్మకి ఇచ్చింది.